పరంగికాయ అంటే ఏది?

"వారం మొత్తం కలిపి నోటుబుక్కులో నాలుగు పేజీలు కూడా నిండలేదు. బడిలో ఏం చేస్తున్నారు టీచర్?" అని ఒక తండ్రి మమ్మల్ని అడిగారు. సాయంత్రం గేటు దగ్గర, బండి మీద కూర్చునే అడిగారు. గొంతులో కోపం లేదు, దిగులుంది. వచ్చే జూన్‌లో పిల్లను ఇంగ్లీషు మీడియంలో వేద్దామా అని వాళ్ళింట్లో మాట నలుగుతోంది. మా గదిలో ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి ఉన్నది 14 మంది. ఒక్కరు పోయినా గది బోసిపోతుంది. గేటు దగ్గర రెండు మాటల్లో ఆయనకు జవాబు చెప్పలేకపోయాం. ఆ వారం ఏం చేశామో ఇక్కడ చెబుతున్నాం.

సోమవారం కూరగాయల పేర్లు తెమ్మన్నాం. రాసుకుని కాదు, అమ్మనో అవ్వనో అడిగి నోటితో తేవాలి. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ వచ్చాయి. పుస్తకంలో ఉన్నవి ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప. అంగట్లో వినిపించేవి వెంగాయం, పూండు, ఉరుళైక్కిళంగు. పెద్ద అట్ట మీద మూడు వరుసలు గీసి ఇంటి మాట, పుస్తకం మాట, తమిళ మాట అని రాసి గోడకు తగిలించాం. ఇంటి మాటను తప్పని కొట్టేయలేదు. ఎర్రగడ్డ అన్న పిల్లను "అలా అనకూడదు" అని ఆపితే ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవదని చాలా ఏళ్ళ కిందటే తెలుసుకున్నాం.

ఇంతలో ఒక పిల్ల పరంగికాయ అంది. బొమ్మ వేయమన్నాం. సగం మంది బొప్పాయి వేశారు, సగం మంది గుమ్మడికాయ వేశారు. రెండూ సరైనవే. మన ఇళ్ళలో పరంగికాయ అంటే బొప్పాయి, తమిళంలో గుమ్మడికాయ. అరగంట వాదన నడిచింది. "మా అవ్వ పండుగా తింటుంది" అని ఒకరు, "మా అమ్మ సాంబారులో వేస్తుంది" అని ఇంకొకరు. ఆ అరగంటలో నోటుబుక్కులో ఒక్క అక్షరం పడలేదు, నిజమే. మరునాడు మాత్రం బొప్పాయి, గుమ్మడి అన్న రెండు మాటలూ రెండో తరగతి పిల్లలు చూడకుండా రాశారు.

మంగళవారం, బుధవారం అక్షరాలతోనే గడిచాయి. మన పిల్లల చిక్కు ఇక్కడే ఉంది. 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచే తమిళమూ నేర్వాలి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, మూడు లిపులు దాదాపు ఒకేసారి చేతికి వస్తాయి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే గాలి అని పలికిన పిల్ల కాలి అని రాస్తుంది. తమిళంలో పొల్లు అక్షరం మీద చుక్క పెట్టి పక్కన తర్వాతి అక్షరం రాస్తారు. అదే అలవాటుతో అక్క అన్న మాట మన పిల్లల చేతిలో 'అక్‌క' అవుతుంది. ఇది తెలియనితనం కాదు. ఒక లిపి న్యాయాన్ని ఇంకో లిపికి పట్టించడం. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టేస్తే పోదు.

గొంతు మీద వేళ్ళు పెట్టి క, గ పలకమన్నాం. గ అన్నప్పుడు మొదటి నుంచే గొంతు అదురుతుంది. నోటి ముందు సన్నటి కాగితం పట్టి క, ఖ పలకమంటే ఖ దగ్గర కాగితం ఎగురుతుంది. (మనమే మాటల్లో ఖను ఒత్తి పలకం. ముందు మేము సాధన చేయాల్సి వచ్చింది.) ఒత్తుల కోసం అట్టముక్కలు కత్తిరించాం. పెద్ద ముక్క మీద క, చిన్న ముక్క మీద దాని వత్తు. పక్కన పెడితే తప్పు, కింద పెడితే అక్క. నేల మీద కూర్చుని పిల్లలే ఒకరివి ఒకరు సరిచేశారు.

ఈ కార్డుల చదువుకు మన సీమలోనే పాత చుట్టరికం ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పల్లె పిల్లల కోసం పద్మనాభరావు, రమ తెలుగులో ఇలాంటి కార్డులు, మెట్టు మెట్టుగా ఎక్కే నిచ్చెన పటం తయారుచేశారు. ఆ దారినే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు పట్టుకున్నాయి, తర్వాత నాలుగైదేళ్ళకు రాష్ట్రమంతా పాకింది. 2022 జూన్‌లో మన తిరువళ్ళూరు జిల్లాలోనే మొదలైన 'ఎణ్ణుం ఎళుత్తుం'లోనూ పిల్లలను అరుంబు, మొట్టు, మలర్ అని స్థాయిని బట్టి కూర్చోబెడతారు. తెలుగు కార్డులు మాత్రం మేమే కత్తిరించుకుంటున్నాం.

గురువారం లెక్కలు. చక్కెర మిల్లుకు చెరుకు బండ్లు పోయే రోజులు కాబట్టి ఒక గడ దొరకడం కష్టం కాలేదు. గణుపులు లెక్కపెట్టారు, జానలతో కొలిచారు. ఒకరికి పదకొండు జానలు, ఇంకొకరికి పద్నాలుగు. అప్పుడు స్కేలు బయటికి తీశాం. కొలత అయ్యాక గడ మిగల్లేదని వేరే చెప్పనక్కర్లేదు.

శుక్రవారం కథకు ఒక అవ్వను పిలిచాం. గేటు దగ్గర అడిగిన తండ్రికి అమ్మ ఆమె. నక్క కథ చెప్పి, తన బడి సంగతి కూడా చెప్పింది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంతకు ముందు చిత్తూరు జిల్లా. ఆమె పలక మీద అక్షరాలు దిద్దింది ఆ రోజుల్లోనే. గోడ మీద అట్ట చూసి మొదటి రెండు వరుసలూ వేలు పెట్టి చదివింది. మూడో వరుస దగ్గర ఆగింది. అది మనవరాలు చదివింది. ఆమె కొడుకు తమిళంలో చదువుకున్నారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఆ ఇంట్లో గోడ మీద అట్ట మొత్తం చదవగలిగేది రెండో తరగతి పిల్ల ఒక్కతే.

అప్పుడర్థమైంది ఆయన దిగులు. నోటుబుక్కులో ఏముందో ఆయనకు తెలిసే దారి లేదు, నిండిన పేజీలు లెక్కపెట్టడం తప్ప. మన బడుల్లో ఇలాంటి తల్లిదండ్రులు చాలామంది. వాళ్ళకు మేము చెబుతున్న పని చిన్నది. ఆదివారం సరుకుల చీటీ పిల్లతో తెలుగులో రాయించండి. అంగట్లో పిల్లనే చదవమనండి, మీరు వినండి. రెండు రోజులాగి అదే చీటీ మళ్ళీ చదవమనండి. తడుముకోకుండా చదివితే తను రాసింది తను చదవగలుగుతున్నట్టే. తడబడితే ఆ చీటీ మాకు పంపండి. మీకు అక్షరం రాకపోయినా చెవి ఉంది కదా.

ఆయన ఒప్పుకున్నారు. మొదటి చీటీలో పిల్ల పరంగికాయ అని రాసి చదివిందట. ఆయన అదే మాట అంగట్లో అడిగారు. అంగడాయన గుమ్మడికాయ ముక్క కోసిచ్చారు. సోమవారం పిల్ల వచ్చి గోడ మీది అట్ట దగ్గర నిలబడి నవ్వుతూ చెప్పింది. జూన్ సంగతి వాళ్ళింట్లో ఇంకా తేలలేదు.