ఎర్ర సిరా వెనుక సిద్ధాంతం

వ్యాసం దిద్దేటప్పుడు మనకు తప్పు ఒక్కటే కనబడుతుంది. కాని ఏది తప్పో నిర్ణయించేది ఒక సిద్ధాంతం. దాన్ని గురించి మనం సాధారణంగా చర్చించుకోం. రచన నేర్పడమంటే వ్యాకరణం నేర్పడమేనని సరిపెట్టుకుంటాం. నా ఉద్దేశంలో చదువు ఎవరికి అందాలన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

ఇందుకు మన భాషలోనే గట్టి సాక్ష్యముంది. ఇంట్లో పలికే మాట పరీక్ష కాగితం మీద పెడితే తప్పయిన రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఎదురు తిరిగారు. జీవద్భాషలో రాయనిస్తేనే విద్యార్థికి ఆలోచన వస్తుందన్నారు. జయంతి రామయ్య పంతులుగారి పక్షం ఒప్పుకోలేదు. వాడుక భాష జిల్లాకొక తీరు, అందరికీ నిలకడైన భాష ఒకటుండాలి గదా అన్నది వారి వాదం. అదీ తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రాంథికానిదే పైచేయి అయింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించారు.

ఇదే తగాదా అమెరికాలో మరో రూపంలో వచ్చింది. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ హైస్కూలు పాసైన వారందరికీ తలుపులు తెరిచింది. పేద ఇళ్ల పిల్లలు వచ్చారు. వీళ్లకు రాయడమే రాదని కొందరు పెదవి విరిచారు. అక్కడి అధ్యాపకురాలు మీనా షాగ్నెస్సీ సుమారు 4,000 వ్యాసాలు చదివి, 1977లో ఒక పుస్తకం రాసింది. ఆ తప్పులు తెలివితక్కువ వల్ల వచ్చినవి కావు, వాటికీ ఒక తర్కముంది, అది పట్టుకుంటే నేర్పవచ్చు అని చూపింది. అంతకుముందే 1971లో జానెట్ ఎమిగ్, తయారైన వ్యాసాన్ని మాత్రమే కాదు, విద్యార్థి రాసే తీరును కూడా చూడాలన్నది.

ఈనాడు మన దగ్గర వ్యావహారికం గెలిచింది. మరి సమస్య తీరిందా? గెలిచిన వ్యావహారికం చాలావరకు కోస్తా జిల్లాల చదువుకున్నవారి భాషే. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర విద్యార్థి నుడి కింద ఎర్ర గీత పడుతూనే ఉంది. ఆ గీతకు జడిసిన వాడు గైడు బట్టీపడతాడు. వాక్యంలో తప్పుండదు, అందులో వాడూ ఉండడు!

ప్రమాణ భాష వద్దని నేననను. ఉద్యోగానికీ, పరిశోధనకూ అది కావలసిందే. అయితే దాన్ని నేర్పవలసిన విద్యగా చూడాలి గాని, కొందరిని బయట నిలబెట్టే గేటుగా వాడరాదు. గీత గీసే ముందు "ఇలా ఎందుకు రాశావోయ్?" అని ఒక్క మాట అడగండి. మరోసారి రాసే అవకాశమివ్వండి. గురువులను విద్యార్థులం కోరేది అంతే.