వేళ్లకు చదువు చెప్పే యంత్రాలు

ఫోన్ తెరమీద అక్షరం నొక్కగానే వేలికొసకు చిన్న అదురు తగులుతుంది. మనం నొక్కింది కదలని అద్దాన్నే అయినా, మీట దిగినట్టు తోస్తుంది. లోపలి బుల్లి మోటారు పుట్టించే భ్రమ అది. యంత్రం ఇలా మన స్పర్శకు బదులు పలికే విద్యను హ్యాప్టిక్స్ అంటారు.

చర్మంలో ఒత్తిడికి, సాగుదలకు, అదురుకు వేరువేరు గ్రాహకాలున్నాయి. వాటిలో పసీనియన్ గ్రాహకాలు సెకనుకు దాదాపు 250 సార్లు కలిగే కంపనాన్ని బాగా పసిగడతాయి. తాకిడిని నాడీ సంకేతంగా మార్చే పీజో ప్రోటీన్లను కనుగొన్నందుకే ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ దక్కింది.

కంటిని నమ్మించడం కంటే చేతిని నమ్మించడం కష్టం. సెకనుకు 60 బొమ్మలు చూపిస్తే కంటికి కదలిక సాఫీగానే ఉంటుంది. లేని గోడ చేతికి గట్టిగా తగలాలంటే మాత్రం ఎదురొత్తిడిని సెకనుకు సుమారు 1000 సార్లు లెక్కగట్టి అందించాలి. ఆ వేగం తగ్గితే గోడ వణుకుతుంది. 1990లలో ఎంఐటీలో థామస్ మాసీ, కెనెత్ సాలిస్‌బరీ రూపొందించిన ఫాంటమ్ పరికరం ఈ దారిలో పెద్ద ముందడుగు. మన దగ్గర ఐఐటీ మద్రాసు టచ్ ల్యాబ్‌లో ఎం. మణివణ్ణన్ బృందం ఈ రంగంలో పనిచేస్తోంది.

చేతికి అబ్బే నేర్పు విలువ తమిళనాడులోని కోవిల్‌పట్టి సీమకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. దగ్గరలోని ఎట్టయపురం ప్రాంతంలో, వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామికి కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. ఆయన ఆ వేళ్లకే కత్తి పట్టడం మళ్లీ నేర్పుకుని, లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. పుస్తకం ఎంత చదివినా రాని నేర్పు అది; చేత్తో చేసి చేసి సాధించుకోవలసిందే.

ఆ సాధన రోగి కంటిమీద మొదలవకుండా కాపాడేదే హ్యాప్టిక్ సిమ్యులేటర్. హెల్ప్‌మీసీ సంస్థ యంత్రంలో శుక్లాల ఆపరేషన్ నేర్చుకునేవారికి కంటిపొర ఎదురొత్తిడి చేతికి తెలుస్తుంది. అక్కడ పొర చిరిగినా ఎవరి చూపూ పోదు, మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కోవిల్‌పట్టిలో 1984 నుంచి నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. విరుదునగర్ దగ్గర 1998లో కామరాజ్ ఇంజినీరింగ్ కాలేజీ వెలిసింది. మదురై వైద్యులు ఎంతో దూరంలో లేరు. మోటార్లు, సెన్సర్లు, ప్రోగ్రాములు తెలిసిన పిల్లలు ఆపరేషన్ గదిలోని చేతుల్ని గమనించి, తక్కువ ఖర్చులో ఇలాంటి పరికరాలు చేయడానికి పూనుకోవాలి. అదురు ఎంత ముచ్చటగా ఉందన్నది వాటికి కొలమానం కాదు. యంత్రం మీద సాధన చేసిన చెయ్యి నిజమైన కంటిమీద తప్పులు తగ్గించిందా లేదా అన్నదే అసలు పరీక్ష.