చారలు నిలవాలంటే వెలుతురు కావాలి

వెలుతురు అక్కర్లేదు, నీళ్లు అంతగా అక్కర్లేదు అని చెప్పి అమ్మే తీగ మనీప్లాంట్. ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో ఆ మాట సగమే నిజమవుతుంది. తీగ బతుకుతుంది. ముచ్చటపడి కొన్న తెల్లచారలే పోతాయి.

ఆకులో తెల్లగా ఉన్నచోట పత్రహరితం దాదాపు ఉండదు. తీగ మొత్తానికి తిండి వండిపెట్టేది పచ్చభాగమే. చీకటి మూలన పెడితే కొత్త ఆకులు పచ్చబడుతూ వస్తాయి; పచ్చకొమ్మ చురుగ్గా సాగి చారల కొమ్మను మించిపోతుంది. అప్పుడు చారలు బాగున్న కణుపు పైదాకా కత్తిరించేయాలి. అక్కణ్నుంచి వచ్చే చిగురు చాలావరకు చారలతోనే వస్తుంది. పూర్తిగా తెల్లబడ్డ కొమ్మ చూడ్డానికి అందమే గానీ మిగతా తీగ కష్టం మీద బతికే సోమరి.

పాత మిద్దెలకు కిటికీలు తక్కువ, పైకప్పులో గవాక్షి ఉంటుంది. కుండీకి అంతకన్నా మంచి చోటు లేదు. అయితే నిట్టనిలువు కింద కాదు, వెలుతురు పరుచుకునేలా రెండడుగులు పక్కకు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండ నేరుగా తగిలితే ముందు మాడేది తెల్లభాగమే. ఎండిన ఉల్లిపొర లాగా గోధుమరంగుకు తిరిగి పెళుసుబారుతుంది. తూర్పు కిటికీలో పొద్దుటి ఎండ ఫరవాలేదు.

అసలు తంటా మట్టితో. ఆదోని పత్తి మార్కెట్‌ను నిలబెట్టిన నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే బంక, ఆరితే బీటలు. రెండిట్లోనూ నష్టం వేళ్లకే. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపితే చాలు. ఎండాకాలం కదా అని రోజూ పోయకూడదు. వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే నీళ్లు. నీళ్లు ఎక్కువైనా ఆకులు వాలతాయి, తక్కువైనా వాలతాయి. చాలామంది వాలిన ఆకు చూసి మళ్లీ చెంబు ఎత్తుతారు, అక్కడే మొక్క పోతుంది. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువైతే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. తుంగభద్ర కాలువ నీళ్లు గానీ, పట్టిపెట్టుకున్న వాననీళ్లు గానీ మేలు. ఎయిర్‌కూలర్ తేమ ఈ తీగకు కలిసొస్తుంది, కాకపోతే గాలి సూటిగా కొట్టకూడదు.

దీని పుట్టిల్లు ఫ్రెంచ్ పాలినేసియాలోని మోరియా దీవి. అడవిలో చెట్టెక్కితే ఒక్కో ఆకు అడుగున్నర దాటుతుంది. కిందికి వేలాడదీస్తే ఆకు చిన్నదవుతూ పోతుంది. అందుకే కొబ్బరిపీచు చుట్టిన కర్ర నిలబెట్టి పైకి పాకించాలి. మన పొడిగాలికి ఆ పీచు మధ్యాహ్నానికే ఆరిపోతుంది, కాబట్టి పొద్దున, సాయంత్రం తడపాలి. కట్టడానికి ఎమ్మిగనూరులో వెతుక్కోనక్కర్లేదు, మగ్గం దగ్గర మిగిలిన నూలుపోగులు చాలు. ముడి వదులుగా ఉండాలి.

మనీప్లాంట్‌ను దొంగిలించి నాటితేనే కలిసొస్తుందని ఒక నమ్మకం. దొంగతనం సులువే మరి, జానెడు ముక్క చాలు! ఈ తీగ పూత పూయదు. పూతకు అవసరమైన జిబ్బరెలిన్ హార్మోను తయారీలోనే లోపముందని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. అందుకే ఊరూరా ఉన్నవన్నీ కొమ్మ తుంచి నాటినవే. ఆకుల్లో కాల్షియం ఆగ్జలేట్ ఉంటుంది, నమిలితే నోరు మండుతుంది; పసిపిల్లలకు, పిల్లులకు అందనివ్వకూడదు.

తొలకరి పడ్డాక, ఎండ తీవ్రత తగ్గినప్పుడు కొమ్మలు తుంచడం మంచిది. సీసాలో కణుపు మునగాలి, ఆకు మునగకూడదు. వారానికోసారి నీళ్లు మారిస్తే రెండుమూడు వారాల్లో వేళ్లు కనిపిస్తాయి. కణుపు లేని ఉత్త ఆకుకాడ పెడితే వేళ్లు వచ్చినా తీగ సాగదు.