మనకు నిలబడే బల్ల, వాళ్ళకు కూర్చునే స్టూలు

షామ్‌బర్గ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ మధ్య ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా మాటలు రెండింటి చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకటి గ్రీన్ కార్డ్ తేదీలు, రెండోది ఎ1సి నంబరు. "నాది 5.9 గురూ, నీదెంత?" అని ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులు అడిగినట్టు అడుగుతున్నారు. తెలియనివారి కోసం: ఇది గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, 6.5కి చేరితే డయాబెటిస్. మనవాళ్ళకు ఈ జబ్బు తక్కువ బరువులోనే పట్టుకుంటుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా మూలాలవారికి బి.ఎమ్.ఐ. 23 నుంచే పరీక్షల సంగతి చూడమంది. మిగతావారికి ఆ గీత 25 దగ్గర ఉంది.

పైన చెప్పిన 5.9 నాదే లెండి. ముప్పైల్లోనే! డాక్టరుగారు మందులేవీ రాయలేదు, 2002లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ పరిశోధన గురించి చెప్పారు. ప్రీడయాబెటిస్ ఉన్నవారు బరువులో 7 శాతం తగ్గించి, వారానికి 150 నిమిషాలు నడిస్తే, డయాబెటిస్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందట. అదే పరిశోధనలో మెట్‌ఫార్మిన్ మాత్ర తగ్గించింది 31 శాతమే. సరే, మొదలుపెట్టాను. ఆఫీసువాళ్ళని అడిగితే మీట నొక్కితే పైకి లేచే బల్ల ఇచ్చారు. లంచ్ తరువాత పావుగంట నడకకు క్యాలెండర్‌లో మీటింగ్ పెట్టేసుకున్నాను, ఎవరూ ఆ టైమ్‌లో వేలు పెట్టకుండా. ఎండాకాలం బుస్సీ వుడ్స్‌లో ఎల్క్ మందను చూస్తూ నడక, జనవరి చలికి వుడ్‌ఫీల్డ్ మాల్‌లో నడక.

ఆ మాల్ పేరు వెనక ఒక చిన్న కథ ఉంది, చాలామందికి తెలియదు. 1971లో తెరిచారు. "వుడ్" అంటే సియర్స్‌ని నడిపిన రాబర్ట్ వుడ్, "ఫీల్డ్" అంటే షికాగో వ్యాపారి మార్షల్ ఫీల్డ్. రెండూ షాపులు నడిపిన పెద్దల పేర్లే. ఆ సియర్స్ 2021లో ఇక్కడ మూతపడింది, మార్షల్ ఫీల్డ్స్ 2006లో మేసీస్ అయిపోయింది. కౌంటర్ల వెనక నిలబడి వాటిని నడిపినవాళ్ళ పేర్లు మాత్రం ఏ గోడ మీదా లేవు. చలికాలం నడకలో నాకు కనిపించేది వాళ్ళే. నేను నలభై నిమిషాలు తిరిగి, ఆరోగ్యం బాగుపడిందని సంతోషించి కారెక్కుతాను. వాళ్ళు అదే నేల మీద ఎనిమిది గంటలు ఉంటారు, నడవడానికి కాదు, నిలబడడానికి!

ఇది మాల్ సంగతి. మన ఇండియన్ గ్రోసరీ షాపు సంగతికి వస్తాను. మేము సోనామసూరి బియ్యం, గోంగూర తెచ్చుకునే ఒక షాపులో (పేరు ఎందుకు లెండి) బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ ఉంటారు. గుంటూరు వైపు వారు. కొడుకు ద్వారా గ్రీన్ కార్డ్ మీద వచ్చారు, ఇంట్లో ఖాళీగా ఉండలేక పనిలో చేరారు. తెలుగువాళ్ళందరం "పిన్నిగారూ" అని పిలుస్తాం. ఒక ఆదివారం సాయంత్రం కౌంటర్ అంచు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంటే, "ఒంట్లో బాగాలేదా పిన్నిగారూ?" అని అడిగాను.

"ఏం లేదు బాబూ, పొద్దున పది నుంచి నిలబడే ఉన్నా. పాదాలు మండుతున్నాయి, షుగరు కదా."

"ఒక స్టూలు వేయించుకోవచ్చుగా?"

"అడిగాను. కూర్చుంటే కస్టమర్లకి బద్ధకంగా కనిపిస్తుందిట. అన్నం కూడా వెనక బియ్యం బస్తాల దగ్గర నిలబడే తింటాను, ఎవరూ లేనప్పుడు."

నేను ఆఫీసులో నిలబడడానికి కంపెనీ డబ్బు పెట్టి బల్ల కొనిచ్చింది. ఈవిడ కూర్చోవడానికి ఇరవై డాలర్ల స్టూలు కొనేవాళ్ళు లేరు. ఈ సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే చాలా విషయాలు తెలిశాయి.

మొదటిది, నిలబడితే ఆరోగ్యం అనేది సగం నిజమే. కెనడాలోని ఆంటారియోలో 7,300 మందికి పైగా ఉద్యోగులను 12 ఏళ్ళపాటు గమనించారు. ఎక్కువసేపు నిలబడి చేసే పనుల్లో ఉన్నవారికి గుండెజబ్బు వచ్చే అవకాశం, ఎక్కువగా కూర్చుని పనిచేసేవారితో పోలిస్తే దాదాపు రెండింతలని తేలింది. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళల్లో నిలిచిపోతుంది, దాన్ని పైకి ఎక్కించడానికి గుండె ఎక్కువ కష్టపడాలి. అలాగని రోజంతా కూర్చోవడం మంచిదని కాదు. ఒంటికి కావలసింది మార్పు: కాసేపు కూర్చోవడం, కాసేపు లేవడం, మధ్యలో నాలుగడుగులు. నా బల్లకు ఉన్న మీట విలువంతా అందులోనే ఉంది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో నిర్ణయించేది నేను.

రెండోది అలవాట్ల గురించి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన పరిశోధన ఒకటుంది. కొత్త అలవాటు దానంతట అదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరి లెక్క 254 రోజుల దాకా వెళ్ళింది. ఇక్కడ కీలకం ఏమిటంటే ఆ పనిని రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టాలి. "లంచ్ అయ్యాక నడక" అన్నట్టుగా. నా నడక నిలబడిందంటే నా మనోబలం గొప్పదని కాదండీ, నా లంచ్ రోజూ పన్నెండున్నరకే వస్తుంది కాబట్టి.

మరి పిన్నిగారికి? ఒక వారం పొద్దున షిఫ్టు, ఇంకో వారం రాత్రి తొమ్మిదిన్నర దాకా. వచ్చే వారం షెడ్యూల్ శనివారం రాత్రి వాట్సాప్‌లో వస్తుంది. దేనికి ముడిపెట్టుకోవాలి అలవాటు? పెద్ద చెయిన్ స్టోర్లలోనూ ఇదే వరస. అమెరికాలో గంటల లెక్కన పనిచేసే రిటైల్, ఫుడ్ ఉద్యోగులను వేల సంఖ్యలో సర్వే చేసిన షిఫ్ట్ ప్రాజెక్ట్ వారు, మూడింట రెండు వంతుల మందికి రెండు వారాల ముందు షెడ్యూల్ తెలియదని చెప్పారు. "వాళ్ళకి డిసిప్లిన్ లేదండీ, అందుకే చిప్స్ తింటారు" అనే మాట మన పార్టీల్లో వింటూ ఉంటాను. ఆ మాట నాకు నచ్చదు. క్యాలెండర్ చేతిలో ఉన్నవాడు లేనివాడికి చెప్పే నీతి అది.

షికాగో నగరం దీనికోసం 2020 జూలైలో ఒక చట్టం తెచ్చింది. పెద్ద రిటైల్ కంపెనీలు ఇప్పుడు 14 రోజుల ముందుగా షెడ్యూల్ చెప్పాలి, ఆ తరువాత మారిస్తే అదనంగా చెల్లించాలి. కానీ అది నగరం హద్దుల్లోనే. షామ్‌బర్గ్‌లో ఆ చట్టం లేదు. షాపులవాళ్ళు నష్టం వస్తుందంటారు. గ్యాప్ కంపెనీ తన శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల షాపుల్లో పరిశోధకులతో కలిసి స్థిరమైన షెడ్యూళ్ళు పెట్టి చూస్తే, అమ్మకాలు 7 శాతం పెరిగాయని 2018లో ఫలితాలు వచ్చాయి.

ఇక ఇల్లినాయ్ రాష్ట్రమంతటికీ, అంటే షామ్‌బర్గ్‌కీ, వర్తించేవి చెబుతాను. ఇవి మన షాపుల్లో పనిచేసేవారిలో చాలామందికి తెలియవు, కొందరు ఓనర్లకీ తెలియవు.

ఏడున్నర గంటల షిఫ్టు చేసేవారికి కనీసం 20 నిమిషాల భోజన విరామం ఇవ్వాలి, అది కూడా పని మొదలైన అయిదు గంటల లోపు. షిఫ్టు ఏడున్నర దాటితే ప్రతి నాలుగున్నర గంటలకూ మరో 20 నిమిషాలు. బాత్‌రూమ్‌కి వెళ్ళిన సమయాన్ని ఇందులో కలపకూడదు. వారానికి 20 గంటల కన్నా ఎక్కువ పనిచేసేవారికి వరసగా ఏ ఏడు రోజులు తీసుకున్నా అందులో 24 గంటల విశ్రాంతి ఉండాలి. ఈ "ఏ ఏడు రోజులైనా" అన్న మాట 2023 నుంచి వచ్చింది. అంతకు ముందు క్యాలెండర్ వారం లెక్క ఉండేది కాబట్టి, ఈ వారం మొదట్లో, వచ్చే వారం చివర్లో సెలవిచ్చి మధ్యలో వరసగా పన్నెండు రోజులు పని చేయించే వీలుండేది. కనీస వేతనం 2025 జనవరి 1 నుంచి గంటకు 15 డాలర్లు. 2024 నుంచి ప్రతి 40 గంటల పనికీ ఒక గంట జీతంతో సెలవు, ఏడాదికి 40 గంటల వరకూ. పార్ట్‌టైమ్ వారికీ వస్తుంది, చేరిన 90 రోజుల తరువాత వాడుకోవచ్చు, కారణం చెప్పనక్కరలేదు.

షుగరు ఉన్నవారికి ఇంకో రక్షణ ఉంది, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. మన పెద్దవాళ్ళు చాలామంది ఇండియా నుంచి తెచ్చుకునే మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంటుంది. అది వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర బాగా పడిపోయి కళ్ళు తిరగవచ్చు, స్పృహ కూడా తప్పవచ్చు. అంటే పిన్నిగారి భోజనం టైమ్ ఓనరుగారి దయాదాక్షిణ్యాల మీద నడిచే విషయం కాదు. డయాబెటిస్ ఉన్న ఉద్యోగి తినడానికి, చక్కెర చూసుకోవడానికి విరామం, కూర్చోవడానికి స్టూలు వంటి సర్దుబాట్లు అడగవచ్చు. ఫెడరల్ చట్టం 15 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలకే వర్తిస్తుంది కానీ, ఇల్లినాయ్ మానవ హక్కుల చట్టం ఒక్క ఉద్యోగి ఉన్న షాపుకు కూడా వర్తిస్తుంది. డాక్టరుగారి దగ్గర ఒక చిన్న లెటర్ తీసుకుని ఇస్తే పని సులువవుతుంది.

ఇదంతా పిన్నిగారికి చెబితే ఆవిడ శ్రద్ధగా విని, "నాకైతే కాగితాలున్నాయి బాబూ. మరి వెనకాల బస్తాలు మోసే ఆ అబ్బాయి సంగతి?" అన్నారు. ఎం.ఎస్. చేయడానికి వచ్చిన కుర్రాడు. గంటకి ఎంతో చేతికిస్తున్నారు, లెక్కలో ఉండదు. మనందరికీ తెలిసిన విషయమే, ఎవరం మాట్లాడం. ఎఫ్‌-1 మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే వీసాకే ముప్పు, అందులో రెండో మాట లేదు. నేను ఏ విద్యార్థికీ చేయమని చెప్పను. కానీ చేసిన పనికి కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న చట్టం ఇమిగ్రేషన్ స్థితిని చూడదు. తక్కువ ఇచ్చిన ఓనరు, కుర్రాడికి పర్మిట్ లేదు కదా అని తప్పించుకోలేడు. ఇల్లినాయ్‌లో కనీస వేతనం ఎగ్గొడితే బాకీకి మూడింతలు, దాని పైన ఆలస్యమైన ప్రతి నెలకీ 5 శాతం కట్టాల్సి రావచ్చు. అయినా ఆ కుర్రాడు ఫిర్యాదు చేయడు, ఎందుకు చేయడో మీకూ నాకూ తెలుసు. కాబట్టి ఈ విషయంలో బరువు మోయాల్సింది ఓనర్ల మీద మాట చెల్లే పెద్దలే.

కూర్చునే హక్కు కోసం మన దక్షిణాది రాష్ట్రాల్లో పెద్ద పోరాటమే జరిగింది. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల ఆడవాళ్ళు, పి. విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ నాయకత్వంలో, ముందు బాత్‌రూమ్‌ల కోసం, తరువాత కుర్చీల కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. బాత్‌రూమ్ లేక మంచినీళ్ళు తాగడమే మానేసి జబ్బులు తెచ్చుకున్నవాళ్ళున్నారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. చెన్నై టి.నగర్ బట్టల షాపుల జీవితాల మీద తమిళంలో వచ్చిన "అంగాడి తెరు" సినిమాను మనం తెలుగులో "షాపింగ్ మాల్"గా చూశాం. మన విజయవాడ, హైదరాబాదు చీరల షోరూముల్లో కూడా అమ్మాయిలు అంతస్తుల పొడవునా నిలబడే కనిపిస్తారు. ఇంగ్లండులో 1899లోనే ముగ్గురు అమ్మాయిలకు ఒక సీటు చొప్పున ఉండాలని చట్టం చేశారంటే మనం ఎక్కడున్నామో చూడండి.

"కస్టమర్లకి బద్ధకంగా కనిపిస్తుంది" అన్న వాదనకు జవాబు మన ఊళ్ళోనే ఉంది. ఆల్డీ షాపుకి వెళ్ళి చూడండి. క్యాషియర్లు కూర్చునే బిల్లు కొడతారు, వాళ్ళ వేగాన్ని అందుకుని సామాన్లు బండిలో వేసుకోవడానికి మనమే తడబడతాం. ఆ కంపెనీ అమెరికా ఆఫీసు కూడా మనకు దగ్గర్లోనే, బటావియాలో ఉంది.

మేము ఆరేడు కుటుంబాల వాళ్ళం, బిల్లు కట్టేటప్పుడు ఒక్కొక్కరుగా ఓనరుగారితో ఈ ఆల్డీ సంగతే చెప్పాం. గొడవేమీ పడలేదు. పిన్నిగారి ఇష్టం కనుక్కున్నాకే మాట్లాడాం, ఎందుకంటే మన ఉత్సాహానికి ఆవిడ ఉద్యోగం పోకూడదు. మూడో వారానికి స్టూలు వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఇరవై నిమిషాలు కౌంటర్ ఇంకొకరు చూస్తున్నారు, ఆవిడ డబ్బా తెరుచుకుని కూర్చుని తింటున్నారు. షెడ్యూల్ మాత్రం ఇంకా శనివారం రాత్రే వస్తోంది. బస్తాలు మోసే అబ్బాయి ఆ షాపు మానేశాడు, ఎక్కడికి వెళ్ళాడో తెలియదు.

మీకు తెలిసినవారికి అవసరమైతే, ఫిర్యాదు ఫారాలు ఇల్లినాయ్ లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఉన్నాయి, లాయరు అక్కరలేదు. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోమని ముందు చెప్పండి. పిన్నిగారు తన గంటలు తెలుగు క్యాలెండర్ మీద, తిథి పక్కనే రాసుకుంటున్నారు.