బాతెల్ నుంచి విమానాశ్రయానికి

ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగే రోజున మన ఇళ్ళలో మొదటి ప్రశ్న ఒకటే: ఎన్నింటికి బయలుదేరాలి?

బాతెల్ నుంచి సీటాక్ పాతిక మైళ్ళ పైమాటే. 1942లో స్థలం వెదికినప్పుడు మన పొరుగునున్న సమామిష్ సరస్సు ప్రాంతాన్ని కూడా పరిశీలించారు. టకోమా నగరం లక్ష డాలర్లు ఇస్తామనడంతో, రెండు నగరాలకూ మధ్యనున్న బో లేక్ నెగ్గింది. ఆ దూరం నేటికీ మనమే నడుపుతున్నాం!

1949లో టెర్మినల్ ప్రారంభమైనప్పుడు ప్రధానమైన దారి 99వ నంబరు హైవే. 1967లో సియాటిల్ మీదుగా ఐ-5 పూర్తయింది. మనవైపు వారికి మాత్రం సరస్సుకు తూర్పున సాగే 405, టక్విలా దగ్గర దాన్నందుకొనే 518 రాచబాటలయ్యాయి. రోడ్లతో పాటు కార్లూ పెరిగాయి. 2015లో బెల్‌వ్యూ, లిన్‌వుడ్‌ల మధ్య టోలు వరసలు వచ్చాయి. రద్దీని బట్టి రుసుము మారుతుంది.

2009 డిసెంబరులో విమానాశ్రయం చేరిన రైలు, 2024 ఆగస్టులో లిన్‌వుడ్ దాకా వచ్చింది. చేతిసంచీతో వెళ్ళేవారికి అది మేలు. నాలుగు పెట్టెలతో, మోకాళ్ళ నొప్పులతో దిగే పెద్దవాళ్ళకు కారే గతి.

మాలో ఒకరు రెంటన్ దగ్గర చిక్కుకుని గంట ఆలస్యంగా చేరారు. ఫోను లేని తల్లి సామాను బండి పట్టుకుని తలుపు వంకే చూస్తూ నిలబడి ఉన్నారట. "నువ్వు రావేమో అనుకున్నాను నాయనా" అన్నారట.

రోడ్డు ఎంత వెడల్పయినా ఆ గంట మన చేతిలోదే. ముందే బయలుదేరుదాం. వీలుకాని రోజున మొహమాటపడక పక్కింటి తెలుగువారిని అడుగుదాం.