ఇల్లు ఎవరి కోసం? – ప్రజలు కేంద్రంగా సుస్థిర గృహ రూపకల్పన

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సుస్థిర రూపకల్పన, ప్రజలు కేంద్రంగా ఉండే రూపకల్పన అనే రెండు భావనలను వివరించగలుగుతారు.
• ఆ రెండింటి మధ్య వైరుధ్యం ఎప్పుడు వస్తుందో, దాన్ని ఎలా పరిష్కరించవచ్చో చెప్పగలుగుతారు.
• మీ ప్రాంతంలోని ఒక చిన్న ఇంటిని ఈ దృష్టితో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

కోదాడకు చెందిన ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థినిని ఊహించుకుందాం. అయిదేళ్ళ బి.ఆర్క్. కోర్సులో ఆమె చివరి సంవత్సరానికి వచ్చింది. తన ప్రాజెక్టు కోసం పెద్ద మ్యూజియాన్నో, విమానాశ్రయాన్నో కాక, 400 చదరపు అడుగుల ఇంటిని ఎంచుకుంది. దీనికి కారణం ఉంది. తెలంగాణలో 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద, సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయల సహాయం విడతలుగా అందుతుంది. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. అంత చిన్న ఇంటిలో ఒక కిటికీ తప్పు దిక్కున పెడితే ఆ కుటుంబం ముప్ఫై, నలభై ఏళ్ళు దాని ఫలితం అనుభవించాలి. మళ్ళీ కట్టుకునే స్తోమత వారికి ఉండదు. ఆమె చేయవలసిన ఆలోచనను మనం దశలవారీగా అనుసరిద్దాం.

2. రెండు భావనలు

ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో సుస్థిరాభివృద్ధిని నిర్వచించింది. రేపటి తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం దాని సారాంశం. నిర్మాణ రంగానికి వర్తింపజేస్తే, తక్కువ ఇంధనం, తక్కువ నీరు, తక్కువ వ్యర్థం, ఎక్కువ కాలం మన్నిక అని అర్థం చేసుకోవచ్చు.

ప్రజలు కేంద్రంగా ఉండే రూపకల్పన అంటే, ఇంట్లో ఉండబోయేవారి పని, అలవాట్లు, వయసు, ఆదాయం, ఆశలు తెలుసుకుని, వారితో కలిసి ఇంటి నమూనా నిర్ణయించడం. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. కొన్నిసార్లు ఇవి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

3. రెండు అనుభవాలు

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలో లక్సర్ సమీపాన న్యూ గుర్నా అనే గ్రామాన్ని నిర్మించాడు. మట్టి ఇటుకలు, కమానులు, లోపలి వాకిళ్ళతో ఆ ఇళ్ళు చల్లగా, చౌకగా ఉండేవి. కాని అక్కడికి తరలవలసిన ప్రజల్లో చాలామంది వెళ్ళలేదు. పాత ఊరు ప్రాచీన సమాధుల మీద ఉంది. వారి జీవనోపాధి ఆ స్థలంతో ముడిపడి ఉంది. సామగ్రి విషయంలో ఇంత ఆలోచించి కట్టిన గ్రామం అసంపూర్తిగా మిగిలింది.

రెండో అనుభవం మన దేశంలోనిదే. 1980లలో బాలకృష్ణ దోశి ఇండోర్‌లో అరణ్య కాలనీకి రూపకల్పన చేశాడు. సుమారు 6,500 ఇళ్ళ స్థలాలలో అత్యధికం పేదలకు కేటాయించారు. వారికి పూర్తి ఇల్లు ఇవ్వలేదు. పునాది, స్నానాల గది, మరుగుదొడ్డి, నీటి వసతి ఇచ్చి, మిగిలినది తమ సంపాదనను బట్టి క్రమంగా కట్టుకునే వీలు కల్పించారు. ఎవరి ఇల్లు వారి అవసరానికి తగినట్టు పెరిగింది. ఈ కాలనీకి 1995లో ఆగాఖాన్ పురస్కారం, దోశికి 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి లభించాయి.

4. కోదాడలో పరిశీలించవలసిన అంశాలు

4.1 ఎండ: కోదాడ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. అందువల్ల మే నెలలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు గోడల కంటే కప్పు ఎక్కువ వేడిని గ్రహిస్తుంది. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని దాచుకుని రాత్రి లోపలికి వదులుతుంది. చీకటిపడ్డాక కూడా గది ఉడికిపోవడానికి కారణం ఇదే. కప్పు మీద తెల్లని సున్నం పూసినా, ఎండను తిప్పికొట్టే పూత వేసినా ఈ వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించడానికి ఆధారం ఈ సూత్రమే.

సాయంత్రపు ఎండ సంగతి వేరు. పడమటి సూర్యుడు కిందికి వాలి ఉంటాడు కనుక కిటికీ పైన సజ్జ అంతగా పనిచేయదు. పడమటి వైపు స్నానాల గదిని, మెట్లను పెట్టడం, ఒక వేప చెట్టు పెంచడం మేలు.

4.2 నీరు: నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ ప్రాంతానికి వరి పొలాలను ఇచ్చింది. అయితే 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల భారీ వర్షాలకు కోదాడలో కాలనీలు నీటమునిగాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఆ కాలువకే గండి పడింది. కాబట్టి ఇంటి పునాది ఎత్తును వీధి ఎత్తును చూసి కాక, వరద నీరు ఎంతవరకు వచ్చిందో ఇరుగుపొరుగును అడిగి నిర్ణయించాలి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. అక్కడ పునాది విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.

4.3 సామగ్రి: కేరళలో వందలాది చౌక భవనాలు కట్టిన లారీ బేకర్, ఇంటి సామగ్రి అయిదు మైళ్ళ లోపు దొరికేదై ఉండాలన్న గాంధీజీ ఆలోచనను మార్గదర్శకంగా తీసుకున్నాడు. దీన్ని కోదాడకు అన్వయించి చూడండి. మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. అయిదు మైళ్ళలో కాకపోయినా, సిమెంటు ఇక్కడ దగ్గరి సరుకే. కాని సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాక రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచం విడుదల చేసే ఈ వాయువులో 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమదే. దగ్గరలో దొరకడం ఒక్కటే చాలదని దీనివల్ల తెలుస్తుంది.

5. వైరుధ్యం, పరిష్కారం

ఇప్పుడు మన విద్యార్థిని ఏం చేయాలి? మట్టి గోడలు, గూన పెంకుల కప్పు ప్రతిపాదిస్తే పర్యావరణానికి మేలే. కాని నాట్లకు, కలుపులకు కూలికి వెళ్ళే మహిళ ముందు ఆ బొమ్మ పెడితే, “అమ్మా, పెంకుటింట్లోనే పుట్టాను, కురిసే ఇంట్లోనే పెరిగాను. నా పిల్లలకైనా స్లాబు వద్దా?” అని అడగవచ్చు. ఈ ప్రశ్నను అజ్ఞానంగా భావించకూడదు. స్లాబు ఆమెకు గౌరవం, కోతుల బెడద నుంచి రక్షణ, రేపు కొడుకు పై అంతస్తు వేసుకునే అవకాశం.

ఇక్కడ రూపశిల్పి నైపుణ్యం అవసరమవుతుంది. బేకర్ ప్రచారం చేసిన ఫిల్లర్ స్లాబు ఒక మార్గం. కాంక్రీటు నొక్కుడును తట్టుకుంటుంది, లాగుడును అంతగా తట్టుకోలేదు. స్లాబు అడుగుభాగంలో లాగుడును భరించేది ఇనుప కడ్డీలే. కనుక అక్కడ కడ్డీల మధ్య కొంత కాంక్రీటుకు బదులు పాత పెంకులు అమర్చవచ్చు. సిమెంటు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, స్లాబు స్లాబుగానే ఉంటుంది. లెక్కలు మాత్రం ఇంజనీరు వేయాలి. గోడలకు ర్యాట్ ట్రాప్ బాండ్ ఉంది. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలితే, ఇటుకల్లో దాదాపు నాలుగో వంతు ఆదా అవుతుంది. ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది.

అయితే స్థానిక మేస్త్రీకి ఈ పని రాకపోతే కాగితం మీది పొదుపు గోడ మీదికి రాదు. మేస్త్రీతో ముందుగా ఒక నమూనా గోడ కట్టించి చూడటం రూపకల్పనలో భాగమే.

6. అడగవలసిన ప్రశ్నలు

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో ఉండగా ఇల్లు కట్టుకున్నప్పుడు ప్లాను నేనే గీయించాను. పుస్తకాల గదికి తూర్పు వెలుతురు వచ్చేలా చూసుకున్నాను. వంటగది పడమట పడింది. ఇరవై వేసవుల పాటు మా ఇంట్లో వంట చేసినవారు సాయంత్రం పూట ఆ గోడ వేడిని భరించారు. డాక్టరేటు ఉన్న నేను వారిని ఒక్కమాట అడగలేదు. పదవీ విరమణ తరువాత నేను వంటింట్లో నిలబడినప్పుడే నాకు ఆ సంగతి తెలిసింది.

కాబట్టి గీత గీయడానికి ముందు ఇవి అడగాలి: ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఎవరు? బిందెలు ఎక్కడ పెడతారు? వడ్ల బస్తాలు, మేక, సైకిలు ఎక్కడ ఉంటాయి? మెట్లు ఎక్కలేని ముసలివారు ఉన్నారా? వేసవి రాత్రి ఆడవాళ్ళు ఎక్కడ పడుకుంటారు? సాయంత్రం నలుగురూ కూర్చునే అరుగుకు చోటుందా?

7. సారాంశం

పర్యావరణానికి మేలైనా ప్రజలు ఒప్పుకోని ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది. ఖాళీ ఇంటికి వాడిన ఇటుక, సిమెంటు అంతా వ్యర్థమే. ప్రజలు కోరినట్టే కట్టినా ఎండనూ వరదనూ పట్టించుకోని ఇల్లు వారినే బాధిస్తుంది. ఉండబోయేవారిని అడిగి, వారి కోరికలో ఉన్న అవసరాన్ని గుర్తించి, దాన్ని తక్కువ వనరులతో తీర్చడమే ఈ పాఠంలో మనం నేర్చుకున్న పద్ధతి.

8. అభ్యాసం

1. న్యూ గుర్నా, అరణ్య అనుభవాలను పోల్చండి.
2. మే నెలలో కోదాడలో గోడ కంటే కప్పు ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది?
3. క్షేత్ర కృత్యం: మీ ఇంటి ప్లానును చేత్తో గీసి దిక్కులు గుర్తించండి. మధ్యాహ్నం 3 గంటలకు ప్రతి గదిలో పావుగంట కూర్చుని, ఏ గది వేడిగా ఉందో, ఆ సమయంలో అక్కడ పని చేసేది ఎవరో రాయండి. వారితో మాట్లాడి, ఖర్చు తక్కువలో చేయగల ఒక మార్పును సూచించండి.