మిద్దె మీది పిల్లికి మట్టి ఎక్కడిది?

పిల్లలూ! మీలో చాలామంది ఇళ్ళలో పిల్లి ఉండే ఉంటుంది. లేకపోతే పక్కింటి పిల్లి గోడ దూకి మీ వంటింట్లోకి తొంగి చూస్తూనే ఉంటుంది. ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకోవడం, చప్పుడు కాకుండా నడవడం, కళ్ళు మూసుకుని పాలు తాగడం - ఇవన్నీ మీరు చూసినవే. అయితే ఒక్క పని మాత్రం అది మన కంట పడకుండా చేసుకోవాలని చూస్తుంది. పెరట్లో ఒక మూలకు పోయి, ముందు కాళ్ళతో చిన్న గుంట తవ్వి, అందులో మలమూత్రాలు విడిచి, వెనక్కు తిరిగి వాసన చూసి, మట్టి లాగి కప్పెట్టి మరీ వస్తుంది. ఈ మర్యాద దానికి ఎవరు నేర్పారు?

ఒకప్పుడు మా చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ఈ సంగతి గురించి ఎవరూ ఆలోచించవలసిన అవసరం ఉండేది కాదు. ఇంటి వెనుక పెరడు, పెరట్లో మట్టి. పిల్లి దారి పిల్లిది, మన దారి మనది. ఇప్పుడు తిరుపతిలో ఇళ్ళు పక్కలకు పెరగడానికి చోటు లేక పైకి పెరుగుతున్నవి. నాలుగో అంతస్తులో నున్నటి బండలున్నవి, గాజు కిటికీలున్నవి, కుళాయిలున్నవి. పిడికెడు మట్టి మాత్రం లేదు. మరి అక్కడ పెరిగే పిల్లి ఏం చేయాలి?

దానికి మట్టిని మనమే తెచ్చి పెట్టాలి. ఆ మట్టి పోసి ఉంచే దాన్ని ఇంగ్లీషులో లిట్టర్ బాక్స్ అంటారు. మనం ఇసుక తొట్టి అందాం. ఈ మధ్య తనంత తానే శుభ్రమయ్యే ఇసుక తొట్లు కూడా బజారులోకి వచ్చినవి. అవి ఎలా పని చేస్తాయో, కొనేముందు ఏం చూడాలో, కొన్న తరువాత కూడా మనకు తప్పని పని ఏమిటో తెలుసుకుందాం.

పిల్లి ఎందుకు కప్పెడుతుంది?

మన ఇంటి పిల్లికి పూర్వీకులు ఆఫ్రికాలోనూ, పశ్చిమాసియాలోనూ ఎండిన నేలలలో తిరిగిన అడవి పిల్లులు. మనిషికీ పిల్లికీ స్నేహం చాలా పాతది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి అస్థిపంజరానికి కొద్ది దూరంలోనే ఒక పిల్లిని కూడా పాతిపెట్టి ఉన్నారు.

అడవి పిల్లి చిన్న జంతువు. అది ఎలుకను వేటాడుతుంది గాని, దాన్ని వేటాడే పెద్ద జంతువులూ ఉన్నవి. మలం వాసన బయటికి వస్తే "నేను ఇక్కడే ఉన్నాను" అని శత్రువుకు చాటి చెప్పినట్లే గదా! అందుకే అది మట్టి కప్పి వాసనను దాచిపెడుతుంది.

ఇప్పుడు మన శేషాచలం కొండలలోని చిరుతపులిని చూడండి. అదీ పిల్లి జాతిదే. కాని అది తన మలాన్ని చాలాసార్లు నడిచే బాట మీదనే, అందరికీ కనబడేలా వదిలి పోతుంది. "ఈ చోటు నాది" అని తోటి చిరుతలకు హెచ్చరిక అన్నమాట. అటవీశాఖ వారు అడుగుజాడలతో పాటు ఆ మలాన్ని కూడా చూసి చిరుత ఎటు తిరుగుతున్నదో గుర్తుపడతారు. బలవంతుడు చాటుకుంటాడు; బలం లేనివాడు దాచుకుంటాడు. మన పిల్లి మర్యాద వెనుక ఉన్న రహస్యం ఇదే.

ఎండిన నేలలో పుట్టిన జాతి కాబట్టి పిల్లి నీళ్ళు తక్కువ తాగుతుంది. దాని మూత్రపిండాలు నీటిని వృథా పోనీయవు. అందువల్ల మూత్రం చాలా చిక్కగా ఉంటుంది. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా అనే వాయువు పుడుతుంది. ముక్కు మండించే ఆ ఘాటు దానిదే. పెరట్లో అయితే గాలికి పోతుంది. తలుపులు మూసిన ఇంట్లో ఎక్కడికి పోతుంది?

ఒక ఎండుమట్టి కథ

పూర్వం చలిదేశాలలో పిల్లులను పెంచేవారు పెట్టెలలో ఇసుకో, బూడిదో, చించిన కాగితాలో పోసేవారు. బూడిద పిల్లి కాళ్ళకు అంటుకుని ఇల్లంతా ముద్రలు పడేవి. 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లో అనే యువకుడి దగ్గరికి ఒక పొరుగామె వచ్చి, తన పిల్లికి కొంచెం ఇసుక కావాలని అడిగింది. ఆయన తమ వ్యాపారంలో నేల మీద ఒలికిన నూనెను పీల్చడానికి వాడే ఎండుమట్టి గుళికలు ఇచ్చి చూడమన్నాడు. ఆమెకు అది ఎంతో నచ్చింది. ఆయన దానినే సంచులలో పోసి అమ్మసాగాడు. పిల్లుల మట్టి అనే పెద్ద వ్యాపారం అలా మొదలయింది.

ఆ మట్టిని మీరు చూడకపోలేదు. మన ఇళ్ళలో ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి ఆ జాతిదే. ఇసుకకూ దానికీ తేడా ఏమిటో మీరే పరీక్షించవచ్చు. రెండు కొబ్బరి చిప్పలు తీసుకుని, వాటి కన్నులకు చిల్లులు పెట్టి, లోపల పలుచని గుడ్డ పరవండి. ఒకదానిలో ఎండిన ఇసుక, రెండవదానిలో ముల్తానీ మట్టి పొడి సగానికి నింపండి. రెంటిలోనూ అరగ్లాసు చొప్పున నీళ్ళు మెల్లగా పోయండి. ఇసుక నుంచి నీళ్ళు చుక్కలుగా కారడం మొదలవుతుంది. మట్టి మాత్రం నీళ్ళను పట్టుకుని కూర్చుంటుంది. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి. మట్టిలో కంటికి కనబడని సందులు లెక్కలేనన్ని.

ఇంకొక రకం మట్టి ఉన్నది. దాని పేరు బెంటొనైట్. మన దేశంలో గుజరాత్‌లోని కచ్‌లో, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్‌లో దొరుకుతుంది. ఇది అతి పలుచని రేకులు దొంతరలుగా పేర్చినట్లు ఉంటుంది. నీరు ఆ రేకుల మధ్య దూరగానే మట్టి ఉబ్బి ఒకదానికొకటి అంటుకుని ఉండ కడుతుంది. 1980ల నుంచి దీనిని పిల్లుల తొట్లలో వాడుతున్నారు. తడిసిన చోటు ఉండ అయిపోతే దానిని ఒక్కదానినే ఏరి పారేయవచ్చు. మిగిలిన మట్టి పొడిగానే ఉంటుంది. తనంత తానే శుభ్రమయ్యే తొట్టికి ప్రాణం ఈ ఉండ కట్టే గుణమే.

యంత్రం ఏం చేస్తుంది?

మీ అవ్వ పిండి జల్లించడం చూశారా? మెత్తని పిండి కిందికి రాలుతుంది. నూక జల్లెడలో నిలుస్తుంది. ఈ తొట్టి చేసేదీ అదే పని.

ఒక రకంలో దువ్వెన వంటి పళ్ళ కడ్డీ తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. మట్టి పళ్ళ మధ్య నుంచి జారిపోతుంది. ఉండలు మాత్రం పోయి మూత ఉన్న అరలో పడతాయి. రెండవ రకం గుండ్రని పీపా వంటిది. పిల్లి బయటికి వచ్చిన తరువాత పీపా నిదానంగా తిరుగుతుంది. లోపలి జల్లెడ గుండా మంచి మట్టి ఒక పక్కకు రాలుతుంది. ఉండలు అడుగున ఉన్న అరలోకి జారుతవి. నీళ్ళ గొట్టానికి తగిలించి, గుళికలను కడిగి ఆరబెట్టే రకం కూడా ఉన్నది గాని, దానికి నీరూ విద్యుత్తూ ఎక్కువ కావాలి.

పిల్లి లోపల ఉన్నదో లేదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? కొన్నింటిలో కంటికి కనబడని కాంతి కిరణం ద్వారానికి అడ్డంగా ఉంటుంది. పిల్లి దాన్ని అడ్డుకోగానే యంత్రం ఆగుతుంది. కొన్నింటిలో అడుగున త్రాసు వంటిది ఉండి పిల్లి బరువును గుర్తిస్తుంది. పిల్లి బయటికి వచ్చిన వెంటనే యంత్రం కదలదు. చాలావాటిలో కొన్ని నిమిషాల వ్యవధి ఉంటుంది. మట్టి గట్టిగా ఉండ కట్టడానికి ఆ సమయం కావాలి.

కొనేముందు చూడవలసినవి

మొదటిది, పిల్లి క్షేమం. కదిలే భాగాలు ఉన్న ఏ యంత్రమైనా పిల్లి తగలగానే ఆగి తీరాలి. రక్షణ సరిగా లేని నాసిరకం పెట్టెలలో పిల్లులు ఇరుక్కుని చనిపోయిన సంఘటనలు ఇతర దేశాలలో జరిగినవి. పెద్దవాళ్ళు ఒక మెత్తని దిండునో, బొమ్మనో అడ్డం పెట్టి, యంత్రం ఆగుతున్నదో లేదో ముందు పరీక్షించాలి. ఆగకపోతే అది ఎంత చవకగా వచ్చినా ఇంటికి తేకూడదు. పిల్లి కూనలకు యంత్రం పనికిరాదు. వాటి బరువు తేలిక కాబట్టి త్రాసు గుర్తించకపోవచ్చు. ఎంత బరువు దాటిన పిల్లికి వాడవచ్చో తయారుచేసినవారి కాగితంలో చదివి తెలుసుకోవాలి.

రెండవది, చోటు. పిల్లి లోపల నిలబడి చుట్టూ తిరగగలగాలి. మామూలు తొట్టి అయితే పిల్లి ఒంటి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. మట్టి రెండంగుళాల లోతు ఉంటే మంచిది. తొట్టిని అన్నం గిన్నె పక్కన పెట్టకూడదు. మనమైనా భోజనం చేసే చోటనే ఆ పని చేస్తామా? ఒక పిల్లి ఉంటే రెండు తొట్లు, రెండుంటే మూడు తొట్లు ఉంచమని పశువైద్యులు చెబుతారు.

మూడవది, కరెంటు. కరెంటు పోతే యంత్రం నిలిచిపోతుంది. పిల్లి అవసరం నిలవదు. కాబట్టి పక్కన మామూలు తొట్టి ఒకటి ఉండవలసిందే.

నాలుగవది, అలవాటు. నా పాత విద్యార్థి ఒకరు తిరుపతిలో అయిదో అంతస్తులో ఉంటారు. యంత్రం కొన్న మొదటి రోజే దాన్ని నడిపేసరికి, ఆ చప్పుడుకు పిల్లి బెదిరి వారం రోజుల పాటు దాని దరికి పోలేదు. చివరికి పాత తొట్టిని పక్కనే పెట్టి, యంత్రాన్ని కదలకుండా ఆపి ఉంచి, పాత తొట్టిలోని మట్టి కొంత అందులో కలిపారు. పిల్లి దానంతట అదే లోపలికి వెళ్ళడం మొదలుపెట్టిన తరువాతే యంత్రాన్ని కదలనిచ్చారు. తొట్టిని కొనేది మనమే అయినా, ఎంచుకునేది పిల్లి.

యంత్రం కొనే స్తోమత లేదని చిన్నబుచ్చుకోకండి. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, పొడి ఇసుకో, రంపపు పొట్టో, ఒక చిల్లుల గరిట చాలు. రోజుకు రెండుసార్లు ఏరి పారేస్తే, నిర్లక్ష్యంగా వదిలేసిన యంత్రం కంటే ఆ తొట్టే శుభ్రంగా ఉంటుంది.

యంత్రం చేయలేని పని

యంత్రం నింపిన అరను యంత్రం ఖాళీ చేయలేదు. అది మన పని. ఉబ్బే మట్టిని మరుగుదొడ్డిలో పోయకూడదు. గొట్టంలో ఉబ్బి దారి మూసేస్తుంది. సంచిలో కట్టి చెత్తలో వేయాలి. కూరగాయల మడిలో ఎరువుగానూ వేయకూడదు.

దీనికి కారణం ఉన్నది. పచ్చిమాంసమో, ఎలుకలో తిన్న కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. 1908లోనే దాన్ని కనుగొన్నా, అది వ్యాపించడంలో పిల్లి పాత్ర ఏమిటో 1970 ప్రాంతంలో గాని తేలలేదు. మలంతో బయటపడిన వెంటనే అది అంటుకోదు. అంటుకునే శక్తి రావడానికి దానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అంటే ఏ రోజు మలం ఆ రోజే తీసేస్తే భయం చాలావరకు తగ్గినట్లే. ఇది కడుపులోని బిడ్డకు హాని చేయగలదు కాబట్టి, ఇంట్లో అమ్మో, అక్కో గర్భవతిగా ఉంటే తొట్టి పని ఇతరులు చేయాలి. ఎవరు చేసినా తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇందుకని పిల్లిని ఇంట్లో నుంచి వెళ్ళగొట్టనక్కరలేదు. శుభ్రత పాటిస్తే చాలు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మలమూత్రాలు పిల్లి రాసే ఉత్తరం వంటివి. నోరులేని ప్రాణి తన ఒంట్లో ఏమున్నదో వాటి ద్వారానే చెబుతుంది. మగపిల్లికి ఒక్కొక్కప్పుడు మూత్రం దారి మూసుకుపోతుంది. అది పదేపదే తొట్టిలోకి వెళ్ళి, ముక్కి, అరిచి, ఏమీ విడవకుండానే బయటికి వస్తుంది. చికిత్స అందకపోతే రెండు మూడు రోజులలో ప్రాణం పోతుంది. యంత్రం మాత్రం ఎప్పటిలాగే తిరిగి, తొట్టి శుభ్రంగా ఉన్నదనే అనుకుంటుంది! ఉండలు లేని తొట్టి శుభ్రమైన తొట్టి కాదు, ప్రమాద సూచన. కొన్ని కొత్త యంత్రాలు పిల్లి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి చెబుతవి. అయినా ఆ లెక్కను చదివేవారు ఉండాలి గదా!

అలాగే, ఎన్నడూ లేనిది పిల్లి చాప మీదనో, పరుపు మీదనో పాడు చేస్తే కొట్టకండి. తొట్టి మురికిగా ఉండవచ్చు, లేక దానికి ఒంట్లో బాగుండకపోవచ్చు. కొడితే జబ్బు నయం కాదు. ఇంకెక్కడో దాక్కుని అదే పని చేస్తుంది. వెంటనే పశువైద్యుడికి చూపించాలి. మన తిరుపతిలో 1955లోనే పశువైద్య కళాశాల ఏర్పడింది. 2005లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో అది ఇప్పుడు భాగం. ఆవులకూ గేదెలకే గాక పిల్లులకూ వైద్యం చదివిన డాక్టర్లు మనకు దగ్గరలోనే ఉన్నారు.

మీ ఇంట్లో ఇసుక తొట్టి ఉంటే, అది యంత్రమైనా మామూలుదైనా, పక్క గోడకు ఒక కాగితం అంటించండి. రోజూ ఎన్ని ఉండలు వచ్చినవో తేదీ వేసి రాయండి. పది రోజులలో మీ పిల్లి అలవాటు మీకు తెలిసిపోతుంది. పదకొండో రోజున లెక్క తప్పితే, ఇంట్లో పెద్దలకు ముందుగా చెప్పేది మీరే అవుతారు.